స్పోర్ట్స్ షూ ఆర్డరు 120 రోజుల నుంచి 90కి: ఎక్కడ కోత పెట్టాలి?

కొత్త_ప్లానర్ (#1)

అందరికీ నమస్తే. ముందు లెక్క చెప్తాను. ఒకే రన్నింగ్ షూ మోడల్, 40,000 జతలు, 6 రంగులు, 13 సైజులు (అమెరికా కొలతల్లో 6.5 నుంచి 12 దాకా హాఫ్‌లతో సహా, ఆపైన 13). ఫ్యాక్టరీ వియత్నాంలో ఉంది. పీవో (కొనుగోలు ఆర్డరు) ఇచ్చిన రోజు నుంచి సరుకు రేవులో అప్పగించే దాకా 120 రోజులు అడుగుతున్నారు. పైవాళ్లు 90 దాటొద్దంటున్నారు. రెండో తయారీ లైన్ ఇప్పిస్తే సగం సమస్య తీరుతుందని మా అంచనా. సరైనదేనా? ఇదే సీజన్‌కి ఒక పాలిస్టర్ టీమ్ జెర్సీ కూడా ఉంది, దాని సంగతి తర్వాత అడుగుతా.

అరికాలు (#2)

సగం తీరదండి. ఆ 120 రోజుల్ని ముందు విడగొట్టండి. మామూలుగా ఇలా ఉంటుంది: మెటీరియల్ ఆర్డరు పెట్టాక అది ఫ్యాక్టరీ గోడౌన్‌కి చేరేసరికి 50–55 రోజులు. ఔట్‌సోల్ (నేలకి తగిలే అడుగు) రబ్బరు ప్రెస్‌లో తీయడం, మిడ్‌సోల్ (దాని పైనుండే మెత్తటి పొర) ఫోమ్ తీయడం, రెండూ అతికించి సిద్ధం చేసుకోవడం (స్టాక్ ఫిట్టింగ్) 15. అప్పర్ (పాదాన్ని కప్పే పై భాగం) కటింగ్, కుట్టు మొదలై లైన్‌కి చాలినంత నిల్వ పడటానికి 12. లైన్ రోజుకి 1,500 జతలు తీస్తే 40,000కి 27 రోజులు. చివరి తనిఖీ, రేవు దాకా రవాణా ఓ వారం. మిగిలిన నాలుగైదు రోజులు ఫ్యాక్టరీ తన జాగ్రత్తకి దాచుకునేవి.

రెండో లైన్ తగ్గించేది ఆ 27లో 13 మాత్రమే. అది కూడా సోల్స్ రోజుకి 3,000 జతలు వస్తేనే. వస్తాయా రావా అన్నది అచ్చుల లెక్క.

ఒక ఔట్‌సోల్ అచ్చు లోడింగ్‌తో కలిపి పది నిమిషాలకి ఒక జత ఇస్తుందనుకోండి. 20 గంటల పనికి 120 జతలు. మీ సైజుల్లో 9కి 14 శాతం పడుతుందనుకుంటే, 1,500 జతల లైన్‌కి రోజుకి 210 జతల సైజు 9 సోల్స్ కావాలి. రెండు అచ్చులు చాలు. 3,000కి వెళ్తే 420, అంటే నాలుగు అచ్చులు. ఇదే లెక్క 8.5, 9.5, 10, 10.5లకీ వేయాలి. చివరి సైజులు 6.5, 13 ఒక్కోటి ఒకటిన్నర శాతమే కాబట్టి ఒక్క అచ్చు కూడా ఖాళీగానే ఉంటుంది.

కాబట్టి ఫ్యాక్టరీని అడగాల్సింది "ఎన్ని లైన్లున్నాయి" అని కాదు, "సైజు వారీగా ఎన్ని అచ్చులున్నాయి, మిడ్‌సోల్‌కి ఎన్ని, ఔట్‌సోల్‌కి ఎన్ని" అని. ఆ పట్టిక లేకుండా రెండో లైన్ ఒప్పించుకుంటే మధ్య సైజుల కోసం లైన్ నిలబడుతుంది, అంచు సైజులు గుట్టలు పడతాయి.

ఇంకో సంగతి. డబ్బు ఆదా కోసం రెండు సైజులకి ఒకే సోల్ అచ్చు వాడే అలవాటుంది (9, 9.5 రెండింటికీ ఒకటే సోల్). ఇది 6.5–7కీ, 11.5–12కీ బాగుంటుంది. మధ్యలో చేస్తే ఎక్కువ కావాల్సిన చోటే ఇరుకు పెట్టుకున్నట్టు.

యంత్రతంత్రం (#3)

ఇంత తిరుగుడెందుకు? మార్కెట్ పక్కనే ఆటోమేటిక్ ఫ్యాక్టరీ పెడితే సముద్ర ప్రయాణం కూడా మిగులుతుంది కదా. అడిడాస్ స్పీడ్‌ఫ్యాక్టరీ చేసింది అదే.

అరికాలు (#4)

చేసింది, మూసేసింది కూడా. జర్మనీలో అన్స్‌బాఖ్, అమెరికాలో అట్లాంటా దగ్గర. రెండిటినీ మూసేస్తున్నట్టు 2019 నవంబరులో ప్రకటించి 2020 ఏప్రిల్ కల్లా ఉత్పత్తి ఆపేసింది. ఆ పద్ధతుల్లో పనికొచ్చినవి ఆసియాలోని సరఫరాదారులకి పంపింది.

అక్కడ చేయగలిగినవి ఎక్కువగా అల్లిన అప్పర్, బూస్ట్ (అడిడాస్ ఫోమ్) సోల్ ఉన్న మోడల్స్. అడిడాస్ కేటలాగ్‌లో తోలు, సింథటిక్, వల్కనైజ్డ్, రబ్బరు కప్‌సోల్ రకాలు బోలెడు. రోబో సెల్‌ని ఒక నిర్మాణానికి కుదిర్చాక ఇంకో నిర్మాణానికి మార్చడం కుట్టు లైన్ మార్చినంత తేలిక కాదు. పైగా సోల్ రబ్బరు, లేసు, ఐలెట్, ఫోమ్ గుళికలు, జిగురు, ఇన్సోల్ బోర్డు... వీటిని చేసేవాళ్లు దక్షిణ వియత్నాంలోనో చైనా గ్వాంగ్‌డాంగ్‌లోనో ఫ్యాక్టరీకి గంటల దూరంలో ఉంటారు. షూ తయారీని ఒక్కదాన్నే యూరప్‌కి మారిస్తే సముద్రం దాటాల్సింది షూకి బదులు ముడిసరుకు అవుతుంది, అంతే తేడా.

నైకీ షూలలో 2024 మేతో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో వియత్నాం 50 శాతం, ఇండోనేషియా 27, చైనా 18. ఆ గుత్తి అలా పేరుకుపోవడానికి కూలి ఖర్చు సగం కారణమైతే, పక్కనే పుట్టిన ఈ విడిభాగాల ఊళ్లు మిగతా సగం.

నూలుపోగు (#5)

ప్లానర్ గారూ, మీ 30 రోజులు మొదటి 55లోనే ఉన్నాయి. మెష్ బట్ట ప్రయాణం చూడండి: నూలు తెప్పించడానికి రెండు వారాలు, అల్లికకి రెండు, అద్దకం, ఫినిషింగ్‌కి 10–14 రోజులు, ల్యాబ్ పరీక్షలకి ఐదు, రవాణా, లోపలికొచ్చే తనిఖీ కలిపి ఇంకో వారం. ఇందులో మొదటి నాలుగు వారాలకి రంగుతో సంబంధమే లేదు. ఆరు రంగులదీ ఒకటే గ్రే బట్ట (ఇంకా రంగు అద్దని ముడి బట్ట). అంటే రంగు ఇంకా తేలకపోయినా మొత్తం 40,000 జతలకి కావాల్సిన గ్రే బట్టని అల్లించి మిల్లులో పెట్టించవచ్చు. పీవో నాటికి అది సిద్ధంగా ఉంటే 55 కాస్తా 25–28కి దిగుతుంది.

మీటర్లలో చూస్తే, 1.4 మీటర్ల వెడల్పు బట్టలో ఒక్కో మీటరుకి 10–12 జతల ప్రధాన ముక్కలు పడతాయనుకోండి. డిజైన్‌ని బట్టి, ముక్కలు పరిచే కోణాన్ని బట్టి మారుతుంది, మీ మార్కర్ (బట్ట మీద ముక్కల అమరిక) చూసుకోండి. 40,000 జతలకి 3,300–4,000 మీటర్లు, వృథా కింద ఐదారు శాతం అదనం.

తిప్పలొచ్చేది మీ చివరి రంగు దగ్గర. అది 2,000 జతలే అయితే 180 మీటర్లు చాలు. అద్దకం యంత్రంలో ఒక విడతకి కనీసం 300–500 మీటర్లు అడుగుతారు. మిగిలే బట్ట డబ్బు మీరే కట్టాలి, లేదా అదనపు రుసుము కట్టాలి. ఆరో రంగు నిజంగా కావాలా అని డిజైన్ వాళ్లని అడిగే సమయం ఇదే, పీవో తర్వాత కాదు.

ల్యాబ్ డిప్ (ఆమోదానికి పంపే చిన్న రంగు నమూనా) విషయంలో కూడా రోజులు కారిపోతుంటాయి. మెష్, లేసు, లైనింగ్, కుట్టు దారం, ఫోమ్ పెయింట్ ఐదుగురు సరఫరాదారుల నుంచి వస్తాయి. అన్నీ ఒకే రంగుకి కుదరాలి. పగటి వెలుగు డీ65 దీపం కింద కలిసిన రంగులు దుకాణం దీపం టీఎల్84 కింద విడిపోతాయి. రెండు దీపాల కిందా చూసి ఆమోదించండి. రంగు తేడా డెల్టా ఈ 1 లోపు అని రాసుకుంటే చాలదు, ఏ దీపం కింద అన్నది కూడా రాయాలి. ఒక్కో తిరస్కరణకి వారం పోతుంది. మూడుసార్లు తిరిగితే మీరు గ్రే బట్టతో మిగిల్చుకున్నదంతా గంగలో కలిసినట్టే.

కొత్త_ప్లానర్ (#6)

గ్రే బట్ట ముందే అల్లిస్తే, ఆ మోడల్ ఆగిపోతే దాని డబ్బెవరిది?

నూలుపోగు (#7)

బ్రాండుదే. దాన్ని రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఏ మిల్లూ అల్లదు. మెటీరియల్ బాధ్యత పత్రంలో నాలుగు విషయాలుండాలి: ఎన్ని మీటర్లు, ఎంతకాలం మిల్లులో ఉంచుతారు, ఆ గడువు దాటితే ఎవరు కొంటారు, ఇంకో మోడల్‌కి మళ్లించవచ్చా. నాలుగోదే మీకు రక్ష. అదే మెష్‌ని మూడు మోడల్స్‌కి వాడేలా డిజైన్ వాళ్లతో ముందే ఒప్పించుకుంటే ఒకటి ఆగినా బట్ట ఆగదు. ప్రతి మోడల్‌కీ కొత్త అల్లిక కావాలనే బ్రాండ్లకి ఈ దారి లేదు.

లెక్కలపద్దు (#8)

నూలుపోగు గారు చెప్పినదాని వెనక ఒక లెక్కుంది. మొత్తం ఎన్ని జతలు అమ్ముడవుతాయన్న అంచనా తప్పినా కొద్దిగా తప్పుతుంది. రంగు వారీ అంచనా ఇంకా ఎక్కువ తప్పుతుంది. రంగు, సైజు రెండూ కలిస్తే చెప్పక్కర్లేదు. అందుకే మొత్తాన్ని ముందు ఖాయం చేయండి (లైన్ సామర్థ్యం, గ్రే బట్ట, ఫోమ్ ముడిసరుకు), రంగుని తర్వాత, సైజుల విభజనని చివరికి.

ఏ రంగు ఎంత అన్నదానికి పాత సూత్రమే పనిచేస్తుంది. జత ఖర్చు 20, టోకు ధర 50, నలుపు మిగిలిపోతే క్లియరెన్స్‌లో 15 వస్తుందనుకోండి. తక్కువ పడితే నష్టం 30, మిగిలితే నష్టం 5. కొరత నష్టాన్ని రెండు నష్టాల మొత్తంతో భాగించాలి: 30 ÷ 35 అంటే 86 శాతం. గిరాకీ మొత్తం తీరే అవకాశం అంత ఉండేలా ఆర్డరు వేయాలన్నమాట. గిరాకీ సగటు 16,000, విచలనం (సగటుకి మామూలుగా ఎంత అటూఇటూ అవుతుందన్న కొలత) 4,000 అయితే సగటు మీద 1.07 విచలనాలు కలిపి దాదాపు 20,300. నియాన్ రంగు మిగిలితే 8 మాత్రమే వస్తుంది, మిగులు నష్టం 12. 30 ÷ 42 అంటే 71 శాతం. సగటు 2,000, విచలనం 1,000 అయితే దాదాపు 2,570.

అంటే అందరూ చేసే "అన్ని రంగులకీ పది శాతం అదనం" పద్ధతి నలుపుకి బాగా తక్కువ.

అట్టపెట్టె (#9)

ఒక్క సవరణ, లెక్కలపద్దు గారూ. నియాన్ దొరకని కొనుగోలుదారు ఖాళీ చేతులతో పోడు, చాలాసార్లు నలుపు కొంటాడు. సగం మంది అలా మారతారనుకుంటే కొరత నష్టం 30 కాదు, 15. అప్పుడు 15 ÷ 27, అంటే 56 శాతం. 2,570 కాస్తా 2,140కి దిగుతుంది. సైజుకి మాత్రం ఇది చెల్లదు. 9 దొరకనివాడు 11 వేసుకోలేడు. రంగులో పిసినారితనం చూపించండి, మధ్య సైజుల్లో వద్దు.

సైజుల మాట వచ్చింది కనుక: దుకాణాలకి పంపే కార్టన్లు రెండు రకాలు. 12 జతల్లో రకరకాల సైజులు కలిపి కట్టినవి, ఒకే సైజువి. కలిపి కట్టినవి గోడౌన్‌లో విప్పకుండానే దుకాణానికి పోతాయి, కూలి మిగులుతుంది. కానీ రెండోసారి నింపేటప్పుడు అదే మిశ్రమం పంపితే అమ్ముడవని 6.5లు మళ్లీ చేరతాయి. మొదటి విడతకి మిశ్రమం, తర్వాతి విడతలకి ఒకే సైజు కార్టన్లు. పీవోలోనే ఈ విభజన రాయాలి. ప్యాకింగ్ అయ్యాక మార్చమంటే 40,000 పెట్టెలు విప్పి కట్టాలి, బార్‌కోడ్ లేబుళ్లు మళ్లీ అతకాలి.

లెక్కలపద్దు (#10)

సవరణ ఒప్పుకుంటున్నా, రంగు దగ్గర ప్రత్యామ్నాయం లెక్కలోకి రావాల్సిందే.

సాఫ్ట్‌వేర్ కొంటే ఇవన్నీ అదే చూసుకుంటుందని ఎవరైనా అనేలోపు చెప్తాను: 2000లో నైకీ ఐ2 టెక్నాలజీస్ వారి గిరాకీ ప్లానింగ్ వ్యవస్థ పెట్టింది. కొన్ని మోడల్స్‌కి ఆర్డర్లు రెట్టింపయ్యాయి, కొన్నిటికి పడనే లేదు. 2001 ఫిబ్రవరిలో దాదాపు 10 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయని కంపెనీ ప్రకటించింది. కొత్త వ్యవస్థకీ పాత వ్యవస్థలకీ మధ్య డేటా సరిగా కుదరకపోవడం పెద్ద కారణం. మీ ఎక్సెల్‌లోంచి ఫ్యాక్టరీ ఈఆర్‌పీకి (వాళ్ల ఆర్డర్ల సాఫ్ట్‌వేర్‌కి) వెళ్లేటప్పుడు సైజు కోడ్ 95 అన్నది 9.5గా చదువుతున్నారా, ఏ దేశపు కొలతగా చదువుతున్నారా చూసుకోండి. తప్పులు ఇలాంటి చోటే దూరతాయి.

పదో_కార్టన్ (#11)

30 రోజులు కోస్తామంటే నాణ్యత వాళ్లకి భయం వేసేది ఒకందుకు. ఒత్తిడి పెరగ్గానే ముందు ఎగిరిపోయేవి "ఖాళీగా ఉన్నట్టు కనిపించే" గంటలు. అవి ఖాళీవి కావు.

మొదటిది ఈవీఏ (ఒక రకం తేలిక ఫోమ్) మిడ్‌సోల్. అచ్చులోంచి రాగానే ఉబ్బుతుంది, తర్వాత గంటల తరబడి నెమ్మదిగా ముడుచుకుంటుంది. కనీసం ఒక రోజు వదిలేసి కొలవాలి. వేడివేడిగా ఔట్‌సోల్ అతికిస్తే అప్పటికి సరిపోతుంది, ఎండలో నిలబడ్డ కంటైనర్‌లో ఫోమ్ ఇంకా ముడుచుకుని ఔట్‌సోల్ అంచు పైకి లేస్తుంది. ప్రతి సైజు నుంచీ నమూనాలు తీసి వేడి ఓవెన్‌లో పెట్టి పొడవు తగ్గుదల కొలిచే పరీక్ష ఆపొద్దు.

రెండోది జిగురు. ఈవీఏకి ముందు కడగాలి, ప్రైమర్ (జిగురు పట్టడానికి వేసే ముందు పూత) రాసి యూవీ దీపం కింద పంపాలి, తర్వాత జిగురు, మళ్లీ 55–60 డిగ్రీల సొరంగం, ప్రెస్, చల్లబరచడం. కన్వేయర్ వేగం పెంచితే ప్రైమర్‌లోని తడి ఆరకుండానే జిగురు పడుతుంది. నీటి ఆధారిత జిగురులో ఇది ఇంకా ప్రమాదం. పైకి బాగానే ఉంటుంది, నాలుగు వారాలు వాడాక వేళ్లు వంగే చోట ఊడుతుంది. లాగుడు పరీక్ష తయారైన 24 గంటల తర్వాతే చేయాలి. వేడి మీద చేసిన ఫలితం ఏదీ నమ్మకూడదు. చాలా బ్రాండ్లు సెంటీమీటరుకి 2.5–3 కిలోలు అడుగుతాయి. సంఖ్య ఒక్కటే కాదు, ఎక్కడ చిరిగిందో చూడండి. ఫోమ్ చిరిగితే మంచిదే. జిగురు శుభ్రంగా ఒక ముఖం నుంచి ఊడివస్తే ఆ ముఖానికి ప్రైమర్ అందలేదన్నమాట.

మూడోది తేమ. నీటి జిగురు, ఆవిరి పట్టిన అప్పర్, తడి కాగితం ఉండలు, వానాకాలపు అట్ట... అన్నీ కలిసి కంటైనర్‌లో బూజు. షూ చల్లారకుండా పెట్టె మూయొద్దు, పెట్టెలోపల తేమ 65 శాతం లోపు ఉండాలి. బూజుకి విరుగుడుగా డైమిథైల్ ఫ్యూమరేట్ సంచులు వేసే పాత అలవాటు ఎక్కడైనా ఉంటే ఆపించండి, యూరోపియన్ యూనియన్ 2009లోనే నిషేధించింది.

తనిఖీ విషయానికొస్తే, 40,000ని ఒకే లాట్‌గా చూడొద్దు. ఒక రంగు 8,000 జతలనుకుంటే ఐఎస్‌ఓ 2859-1 సాధారణ స్థాయి 2 ప్రకారం 200 జతల నమూనా. ఏక్యూఎల్ (ఒప్పుకోదగ్గ లోపాల హద్దు) 2.5 దగ్గర 10 లోపాల దాకా ఆమోదం, 11 దగ్గర తిరస్కరణ. 2,000 జతల రంగుకి నమూనా 125, ఆమోదం 7 దాకా. కార్టన్లు ఫ్యాక్టరీ వాళ్లు తెచ్చి ముందు పెట్టినవి కాదు, గుట్టలోంచి మీరు నంబరు చెప్పి తీయించినవి కావాలి.

సుంకాలశాఖ (#12)

రోజుల గొడవలో పడి డబ్బు మర్చిపోతున్నారు. షూ మీద సుంకం డిజైన్ బల్ల మీదే తేలిపోతుంది. అమెరికా పట్టికలో 6404.11 కింద, రబ్బరు లేదా ప్లాస్టిక్ సోల్, బట్ట అప్పర్ ఉన్న స్పోర్ట్స్ షూ జత విలువ 12 డాలర్లు దాటితే మూల సుంకం 20 శాతం. తోలు అప్పర్ ఉన్న మగవాళ్ల షూకి చాలావరకు 8.5. అప్పర్ దేనిదన్నది బయటికి కనిపించే విస్తీర్ణంలో ఎక్కువ వాటా దేనిదన్నదాన్ని బట్టి. పైన కుట్టిన బలోపేత ముక్కల్ని లెక్కలోంచి తీసేస్తారు. మెష్ మీద తోలు ఓవర్‌లే ఎక్కువ వేశాం కాబట్టి తోలు షూ అని రాసుకుంటే కస్టమ్స్ ఆ ఓవర్‌లేని బలోపేతం అని కొట్టేయొచ్చు. ముందే బైండింగ్ రూలింగ్ (కస్టమ్స్ రాతపూర్వక నిర్ణయం) తీసుకోండి.

దీని మీద అదనపు సుంకాలు వేరే. 2025 ఏప్రిల్ 2న వియత్నాం మీద 46 శాతం ప్రకటించారు, జూలైలో 20 శాతం ఒప్పందం అన్నారు. ఆ జూన్‌లోనే నైకీ తన మీద పడే భారం దాదాపు 100 కోట్ల డాలర్లని చెప్పింది. 120 రోజుల ఆర్డరుకి ఇదొక తిప్పలు: పీవో నాటి రేటు వేరు, సరుకు దిగేనాటి రేటు వేరు. ఖర్చు పట్టికలో సుంకాన్ని స్థిర సంఖ్యగా కాకుండా రెండు మూడు రేట్లతో నడిపి చూడండి.

యూరప్‌కైతే వియత్నాం ఒప్పందం 2020 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. షూకి ఒక షరతు: అప్పర్‌ని లోపలి సోల్‌కి బిగించిన సగం షూని బయటి దేశం నుంచి తెచ్చి వియత్నాంలో అడుగు అతికిస్తే వియత్నాం సరుకు కాదు. జెర్సీకి ఇంకా కఠినం. బట్ట కూడా వియత్నాంలోనో యూరప్‌లోనో అల్లి ఉండాలి. కొరియా బట్టకి మినహాయింపుంది. చైనా బట్టతో కుట్టి సుంకం తగ్గుతుందని ఆశపడొద్దు.

పత్తి ఉంటే మరో మెట్టు. అమెరికా ఉయ్‌ఘుర్ నిర్బంధ శ్రమ నిరోధక చట్టం 2022 జూన్ 21 నుంచి అమలు. షిన్‌జియాంగ్ పత్తి ఏ దశలో కలిసినా నిర్బంధ శ్రమతో చేసిందేనని ముందే భావిస్తారు. కాదని నిరూపించే భారం మీది. కుట్టింది ఏ దేశంలోనన్నదానితో పని లేదు. పత్తి బేలు, నూలు లాట్, బట్ట రోల్, పీవో నంబర్లు ఒకదానికొకటి ముడిపడే కాగితాలు సరుకు కదిలేలోపే ఫైల్‌లో ఉండాలి. రేవులో ఆపాక వెతకడం మొదలుపెడితే సీజన్ దాటిపోతుంది.

కొత్త_ప్లానర్ (#13)

జెర్సీ పాలిస్టరే కాబట్టి పత్తి గొడవ లేదు. ఎరుపు బట్ట, తెల్ల పేర్లు, నంబర్లు. ఏ ఆటగాడికి గిరాకీ ఉంటుందో సీజన్ మొదలయ్యే దాకా తెలీదు.

నూలుపోగు (#14)

ఎరుపు మీద తెలుపు! తరచూ సరుకు వెనక్కి వచ్చే జోడీ ఇది. పాలిస్టర్‌ని ఒత్తిడి కింద 130 డిగ్రీల దగ్గర డిస్పర్స్ రంగులతో అద్దుతారు. మళ్లీ 150–160 డిగ్రీల హీట్ ప్రెస్ కింద పెడితే ఆ రంగు ఆవిరై తెల్ల నంబరులోకి ఎక్కుతుంది. ప్రెస్ తీసినప్పుడు తెల్లగానే ఉంటుంది, కంటైనర్ వేడిలో రెండు వారాలకి గులాబీ రంగు తేలుతుంది. మందులు మూడు: అద్దకంలోనే ఆవిరికి తట్టుకునే డిస్పర్స్ రంగులు అడగండి. 120–130 దగ్గర పట్టే జిగురు ఉన్న ట్రాన్స్‌ఫర్ (వేడితో అతికించే నంబరు రేకు) తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ అడుగున కార్బన్ అడ్డుపొర ఉండాలి. నొక్కిన ముక్కని ఒకటి రెండు రోజులు వేడి ఓవెన్‌లో ఉంచి చూశాకే ఆమోదించండి.

లెక్కలపద్దు (#15)

పేర్ల విషయంలో: ఖాళీ జెర్సీని ముందు చేయించి, పేరు, నంబరు మార్కెట్ దగ్గర వేయించండి. రీబాక్ ఎన్‌ఎఫ్‌ఎల్ జెర్సీలకి చేసింది ఇదే, ఖాళీ జెర్సీలు ఇండియానాపోలిస్‌లో నిల్వ పెట్టి గిరాకీ వచ్చినప్పుడు ముద్రించేవారు. ఒక్కో జెర్సీకి ముద్రణ ఖర్చు అక్కడ ఎక్కువ. అందుకే అందరి పేర్లూ అక్కడ వేయకూడదు. ఖాయంగా అమ్ముడయ్యే ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లకి కనీస అంచనా మేరకు ఫ్యాక్టరీలోనే వేయించి, మిగతాదంతా ఖాళీగా. ఖాళీ జెర్సీ మిగిలితే వచ్చే ఏడాదికి పనికొస్తుంది, డిజైన్ మారకపోతేనే సుమా. జట్టు మారిన ఆటగాడి పేరున్నది క్లియరెన్స్‌లో కూడా పోదు.

లంగరు (#16)

రవాణా సంగతి. షూ బరువైన సరుకు కాదు, చోటు తినే సరుకు. పెట్టె 34 × 22 × 13 సెంటీమీటర్లు, 12 పెట్టెల కార్టన్ దాదాపు 0.125 ఘనమీటర్లు. 40 అడుగుల హై క్యూబ్ (ఎత్తు ఎక్కువున్న) కంటైనర్‌లో 66 ఘనమీటర్లు నిండుతాయనుకుంటే 528 కార్టన్లు, 6,336 జతలు. మీ 40,000కి ఆరు కంటైనర్లు నిండి ఏడోదాంట్లో 2,000 జతలు మిగులుతాయి. పెట్టె ఎత్తు ఒక్క సెంటీమీటరు తగ్గితే ఆ ఏడోది దాదాపు ఎగిరిపోతుంది. డిజైన్ వాళ్లకి పెట్టె కొలత ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి.

ఆలస్యమైతే విమానం అనుకుంటారు. విమానంలో ఘనమీటరుకి 167 కిలోలుగా లెక్క. జతకి 0.0104 ఘనమీటర్లంటే 1.7 కిలోలకి కట్టాలి, అసలు బరువు ఓ కిలో అయినా సరే. మొత్తం పంపొద్దు. మధ్య సైజులు, మొదటి రెండు రంగులు మాత్రం పంపి దుకాణాలు తెరిపించండి, మిగతాది ఓడలో. దుబాయ్ దాకా ఓడ, అక్కడి నుంచి విమానం అనే మధ్యదారి కూడా యూరప్‌కి ఉంది.

ఓడ రోజుల్ని మాత్రం స్థిరంగా తీసుకోవద్దు. 2023 చివరి నుంచి ఎర్రసముద్రం దాడుల వల్ల యూరప్ ఓడలు గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరిగి 10–14 రోజులు అదనంగా తీసుకున్నాయి. 2021లో నైకీకి ఆసియా నుంచి ఉత్తర అమెరికా ప్రయాణం 40 రోజుల నుంచి 80కి పోయింది, పైగా వియత్నాం లాక్‌డౌన్‌లో పది వారాల ఉత్పత్తి పోయింది. దానికి జవాబుగా ఆర్డర్లు ముందుకి జరిపారు. 2022లో దారి తెరుచుకోగానే ఆలస్యమైనవీ ముందొచ్చినవీ ఒకేసారి దిగాయి. 2022 ఆగస్టు చివరికి నైకీ నిల్వ 970 కోట్ల డాలర్లు, ఏడాదిలో 44 శాతం పెరుగుదల. ఉత్తర అమెరికాలో 65 శాతం. ప్లానింగ్ షీట్‌లో రవాణా రోజుల్ని పెంచినవాళ్లు వాటిని మళ్లీ తగ్గించడం మర్చిపోతే జరిగేది ఇదే. ప్రతి నెలా ఆ గడిని తిరగరాయాలి.

కొత్త_ప్లానర్ (#17)

అందరికీ ధన్యవాదాలు. ఇలా వేశాను, తప్పులు చెప్పండి. పీవోకి ఆరు వారాల ముందు: 4,200 మీటర్ల గ్రే మెష్‌కి బాధ్యత పత్రం, లైన్ బుకింగ్, ఆరు రంగుల ల్యాబ్ డిప్ రెండు దీపాల కింద ఆమోదం. పీవో రోజు: రంగుల్లో 60 శాతం ఖాయం. పీవో తర్వాత 20వ రోజు: మిగతా 40 శాతం రంగులు. 35వ రోజు: సైజుల విభజన. మెటీరియల్ 28 రోజుల్లో, సోల్ 15, అప్పర్ 12, ఒకే లైన్ 27, చివర 7. మొత్తం 89. రెండో లైన్ వదిలేశాను.

అరికాలు (#18)

35వ రోజున సైజులు ఆలస్యం. సోల్ ప్రెస్ 28వ రోజు మొదలవుతుంది, మధ్య సైజుల అచ్చులు ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండకూడదు. మధ్య ఐదు సైజుల కనీస పరిమాణం పీవోలోనే ఇచ్చేయండి, అంచు సైజులు 35కి ఇవ్వండి. మరోటి, ఔట్‌సోల్ రబ్బరు రంగు కూడా షూ రంగుని బట్టి మారుతుంటే ప్రెస్ ప్రతిసారీ శుభ్రం చేయాలి, సమయం పోతుంది. ఆరు రంగులకీ కలిపి రెండు ఔట్‌సోల్ రంగులు చాలు.

పదో_కార్టన్ (#19)

ఫోమ్ ఆరే రోజు, లాగుడు పరీక్షకి 24 గంటలు ఆ 15లోనూ 7లోనూ ఉన్నాయని ఫ్యాక్టరీ చేత రాయించుకోండి. లేకపోతే 89 కాదు, 91.

లంగరు (#20)

పీవో తేదీ ఎప్పుడో చెప్పలేదు. అక్టోబరు చివరైతే, ఏమాత్రం ఆలస్యమైనా మీ లైన్ రోజులు టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) సెలవుల మీద పడతాయి. పండుగ జనవరి ఆఖరులోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. సెలవు వారం పదిరోజులే, కానీ పండుగ తర్వాత కొంతమంది కుట్టు కార్మికులు తిరిగి రారు, కొత్తవాళ్లు చేయి కుదుర్చుకునే దాకా మొదటి రెండు వారాలు లైన్ 1,500 తీయదు. పైగా పండుగ ముందు అందరూ సరుకు తోసేస్తారు, కంటైనర్లు దొరకవు. ఆ సీజన్‌కి పీవోని సెప్టెంబరు చివరికి జరపండి, లేదా అప్పర్లన్నీ పండుగ ముందే కుట్టించి నిల్వ పెట్టి, లాస్టింగ్ (అప్పర్‌ని పాదం ఆకారపు దిమ్మ మీద బిగించడం) మాత్రం తర్వాత మొదలుపెట్టండి. రెండో దారి పడితే దొంతరగా పేర్చిన అప్పర్లకి ముడతలు పడకుండా ట్రేలు అడగండి.

కొత్త_ప్లానర్ (#21)

పీవో నవంబరు 3 అనుకున్నాం. సెప్టెంబరు 25కి మారుస్తున్నా, అంటే గ్రే బట్ట పత్రం ఆగస్టు రెండో వారంలోనే వెళ్లాలి. మిల్లుకి ఇవాళే రాస్తాను.